రాగి బాయిలర్‌కి అజ్జరంలో మరమ్మతు: పని ఎలా ఉంది, ఎంతయింది

ముందే చెప్పేస్తాను, పని చాలా బాగుంది, చెప్పిన టైముకి మాత్రం ఇవ్వరు. మిగతాదంతా వివరాలు కావాలనుకునేవాళ్ళ కోసం.

నేను బాగుచేయించింది ఒక పాత రాగి బాయిలర్, హాల్లో ఓ మూల అందానికి పెట్టుకుందామని కొన్నది. పని చేసింది తణుకు పక్కన అజ్జరంలో ఒక చిన్న షెడ్డువాళ్ళు. అజ్జరం గురించి గోదావరి జిల్లాలవాళ్ళకి చెప్పక్కర్లేదు, బిందెలు, గంగాళాలు, గుళ్ళో గంటలు, ఇత్తడి అంటేనే ఆ ఊరు. షెడ్డు పేరు రాద్దామంటే దానికి బోర్డే లేదు, పైగా మేస్త్రీ గారు "ఫోనుల్లో ఎక్కించకండమ్మా, ఉన్నదే ముగ్గురం, జనం ఎక్కువొస్తే మాట పడాలి" అన్నారు కాబట్టి రాయడం లేదు. దీనికంటే ముందు హైదరాబాద్‌లో ఒక యాంటిక్ షాపులో ఇదే పని గురించి మాట్లాడి, చిన్న వస్తువొకటి ఇచ్చి చూశాను. దాని పేరు రాయకపోవడానికి కారణం వేరే, కింద చదివితే మీకే తెలుస్తుంది.

ఇప్పటి పిల్లలకి రాగి బాయిలర్ ఏంటో తెలియకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు. గీజర్లు రాకముందు పెరట్లోనో బావి గట్టు దగ్గరో ఉండేది. నిలువుగా రాగి డ్రమ్ము, దాని మధ్యలోంచి పైదాకా ఒక గొట్టం, అడుగున ఇనప జల్లెడ. జల్లెడ మీద బొగ్గులో, కొబ్బరి డొక్కలో, ఎండు పుల్లలో వేసి అంటిస్తే మంట, పొగ మధ్య గొట్టంలోంచి పైకి పోతాయి, చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. మామూలు కాగుకి అడుగు ఒక్కటే వేడెక్కుతుంది, దీనికి గొట్టం పొడవంతా నీళ్ళకి వేడి తగులుతుంది, అందుకే కట్టెలు తక్కువ పట్టేవి. వీటిలో రెండు రకాలు చూశాను. ఒక రకానికి కింద కుళాయి ఉంటుంది. రెండోదానికి కుళాయే ఉండదు, పైన గరాటులో చన్నీళ్ళు పోస్తే సన్న గొట్టంలోంచి నేరుగా అడుక్కి పోయి, పైనున్న వేణ్ణీళ్ళని పక్క మూతి లోంచి బకెట్లోకి తోసేస్తాయి. చెంబు పోస్తే చెంబు వస్తుంది. ఈ రెండో రకం ఎవరు కనిపెట్టారో గానీ మహా తెలివైనది, ఎందుకంటే అందులో నీళ్ళు ఎప్పటికీ అయిపోవు. కుళాయి రకంలో ఎవరో ఒకరు నీళ్ళన్నీ వదిలేసి కింద మంట అలాగే ఉంచితే అతుకులు ఊడిపోతాయి. నీళ్ళున్నంతసేపు రాగి నూరు డిగ్రీలు దాటి పెద్దగా వేడెక్కదు, నీళ్ళు లేకపోతే తగరం, సీసం కలిపి వేసిన అతుకు 183 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది. పాత బాయిలర్లలో సగానికి మాటు (కారే చోట వేసే రిపేరు అతుకు) వేసిన గుర్తులు కనిపించేది ఇందుకే. నాది కుళాయి రకమే, దానికీ రెండు మాట్లున్నాయి.

కొన్నది హైదరాబాద్ బేగంబజార్‌లో, పాత రాగి ఇత్తడి సామాన్లు తూకానికి కొని అమ్మే కొట్టులో. ఇది అసలు రివ్యూలో భాగం కాదు గానీ కొనేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్పకపోతే రిపేరు ఎవరి దగ్గర చేయించుకున్నా ఉపయోగం లేదు. మొదట చేత్తో తట్టి చూడండి, పలచని రేకు గలగలమంటుంది, మందపాటిది బరువుగా మోగుతుంది. తర్వాత నిలువు అతుకు చూడండి. రెండు రేకు అంచుల్ని పళ్ళలాగా కోసి ఒకదాంట్లో ఒకటి ఇరికించి అతికిన గుర్తు కనిపిస్తే అది చేత్తో చేసిన పని. అతుకే కనబడక, ఒంటి మీద గుండ్రంగా సన్నటి గీతలుంటే మెషీన్ మీద తిప్పినది, అది తప్పేమీ కాదు, కాకపోతే దానికి వందేళ్ళంటే నమ్మకండి. ఇంకో గుర్తు, మెడ దగ్గర గానీ మూత మీద గానీ గ్యాలన్లలో కొలత కొట్టి ఉందేమో చూడండి. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది, ఆ తర్వాతి కొన్నేళ్ళలో గ్యాలన్లు, శేర్లు వ్యాపారంలోంచి పోయాయి. గ్యాలన్లుంటే అంతకుముందుదో, ఆ చుట్టుపక్కలదో అని ఒక అంచనాకి రావచ్చు. లీటర్లుంటే దాని తర్వాతదే. నాదానికి 6 గ్యాలన్లని ఉంది, అంటే దాదాపు 27 లీటర్లు. కాళ్ళు, ఇనప జల్లెడ తీసేసి తూస్తే 11 కిలోలు వచ్చింది, కిలో వెయ్యి లెక్కన 11,000 తీసుకున్నాడు. తుక్కు రేటు కంటే ఎక్కువే, తెలుసు. కానీ నేను కొనకపోతే అది కరగడానికే పోయేది. స్టీలు సామాన్లు వచ్చిన కొత్తలో ఇళ్ళల్లో ఇత్తడి, రాగి అంతా తూకానికి ఇచ్చేసి స్టీలు గిన్నెలు తెచ్చుకున్న రోజులు మా అత్తయ్య ఇప్పటికీ చెప్తుంది, వాళ్ళింట్లో బాయిలర్ కూడా అలాగే పోయిందట. దానికి బదులు వచ్చిన స్టీలు డబ్బాలు మాత్రం ఇంకా వంటింట్లోనే ఉన్నాయి.

ఇప్పుడు హైదరాబాద్ షాపు సంగతి. ఏసీ షోరూము, లోపల బాయిలర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి, ఒక్కోటి 45,000 నుంచి మొదలు. ఏ బాయిలర్ గురించి అడిగినా "నిజాం కాలం మేడమ్, నూట యాభై ఏళ్ళు" అన్నది ఒక్కటే సమాధానం. అందులో ఒకదాని కుళాయి పక్కన లీటర్లలో కొలత కొట్టి ఉంది! చూపిస్తే అతను నవ్వి ఊరుకున్నాడు. నా బాయిలర్ ఫోటోలు చూసి 14,000 అవుతుందన్నారు. సొట్టలన్నీ తీసి, బఫింగ్ వీల్ (గిర్రున తిరుగుతూ మెరుగు పెట్టే చక్రం) మీద పెట్టి, పైన లాక్కర్ (వార్నిష్ లాంటి పూత) కొట్టి ఇస్తారట, ఇంకో మూడు వేలిస్తే పైన రంధ్రం చేసి లోపల బల్బు పెట్టి ల్యాంపుగా మార్చి ఇస్తారట. బాయిలర్ ఇచ్చే ముందు పనితనం చూద్దామని ఇంట్లో ఉన్న పాత రాగి చెంబు ఒకటి ఇచ్చాను. తిరిగొచ్చిన చెంబు మెరుపు చూసి పనమ్మాయి కొత్తదనుకుంది. చెంబు మీద చుక్కలతో కొట్టించిన పేరు ఉండాలి కదా, అది పోయింది. సగం అక్షరాలు అరిగిపోయి, మిగతా సగం నున్నగా అయి, ఏమి రాసుందో తెలియదు. కొన్నాళ్ళకి అంచు దగ్గర లాక్కర్ పొరలా లేచి, గాలి తగిలినచోట నల్లబడి, తగలనిచోట ఎర్రగా మెరుస్తూ తయారైంది. లాక్కర్‌తో ఉండే గొడవ ఇదే, వేసిన రోజు బాగుంటుంది, ఒక్కచోట గీత పడితే చాలు తేమ లోపలికి దూరి పక్కలకి పాకుతుంది, అప్పుడు మొత్తం మందు పెట్టి కడిగి మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. అడిగితే "మళ్ళీ తీసుకురండి, సగం చార్జీకి వేసిస్తాం" అన్నారు. చెంబుతో తెలిసింది కాబట్టి నయం.

అజ్జరం వాళ్ళ గురించి చెప్పింది తణుకులో ఉండే మా బాబాయి. షెడ్డులో అడుగుపెడితే ఒక పక్క పోత పోసే మట్టి అచ్చులు, ఇంకో పక్క బిందెల అడుగులు, మధ్యలో నేలలో పాతిన దాగలి (రేకు పెట్టి సుత్తితో కొట్టే ఇనప దిమ్మ), దాని ముందు మేస్త్రీ గారు. బాయిలర్ దింపగానే అందరూ చేసినట్టు పాలిష్ గురించి మాట్లాడతారనుకున్నాను. ఆయన ముందు నీళ్ళు పోయించారు. అలంకారానికే కదండీ అంటే, "అయితే మాత్రం? ఎక్కడ కారుతుందో తెలియకపోతే ఎక్కడ అతుకు బలహీనంగా ఉందో ఎలా తెలుస్తదమ్మా, నేను సుత్తి వేసేది దాని మీదే కదా" అన్నారు. నీళ్ళు పోసి పక్కన పెట్టి, టీ తాగి వచ్చి చూస్తే అడుగు అంచు దగ్గర ఒక చోట చెమ్మ, పాత మాటు ఒకటి కారుతోంది. సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నారు.

ఆ తర్వాత సొట్టల లెక్క. ఇక్కడే నాకు ఈ మనిషి మీద గురి కుదిరింది. బాయిలర్ మధ్యలో గొట్టం ఉంటుంది కాబట్టి బిందెలో చెయ్యి పెట్టి సొట్ట తీసినట్టు దీనికి తీయడం కుదరదు, లోపల సుత్తి ఆడే చోటే ఉండదు. పూర్తిగా నున్నగా కావాలంటే అడుగు అతుకు కరిగించి విప్పాలి, గొట్టం తీయాలి, సొట్టలు లోపల్నుంచి కొట్టాలి, మళ్ళీ అతకాలి. "విప్పితే ఒళ్ళంతా సాపు చేసి ఇస్తాను, కానీ అతుకు నాదైపోద్ది, పాతవాడి పని ఉండదు. విప్పకపోతే మూతి లోంచి కడ్డీ పెట్టి అందినంత తీస్తాను, వెనకాల రెండు సొట్టలు ఉండిపోతాయి. గోడవైపు పెట్టేసుకోండి" అన్నారు. విప్పితే ఆయనకి కూలి రెట్టింపు. అయినా రెండో దారే మంచిదని ఆయనే చెప్పారు, నేనూ దానికే ఒప్పుకున్నాను. వంపు తిరిగిన పొడుగాటి ఇనప కడ్డీ, దాని కొనకి గుండ్రటి గుబ్బ, దాన్ని లోపల పెట్టి బయట చెక్కసుత్తితో చిన్న చిన్న దెబ్బలు. ముందు కనబడే సొట్టలు పోయాయి. దగ్గరికెళ్ళి పక్కనుంచి వెలుతురులో చూస్తే సుత్తి అచ్చులు సన్నగా కనిపిస్తాయి, నాకు అవి నచ్చాయి, మీకు నచ్చకపోవచ్చు.

శుభ్రం చేయడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇంట్లో చేసుకునేవాళ్ళు ఎక్కువగా పాడుచేసేది ఇక్కడే. పాత రాగి మీద రెండు రకాల పొరలుంటాయి. ఒకటి గోధుమరంగు నుంచి నల్లటి చాక్లెట్ రంగుదాకా ఉండే గట్టి పొర, ఏళ్ళ తరబడి గాలి, వేడి తగిలి ఏర్పడేది, అది కింద ఉన్న రాగిని కాపాడుతుంది. రెండోది ఆకుపచ్చ చిలుము, అతుకుల్లో, చెవుల కింద, కుళాయి చుట్టూ తేమ నిలిచినచోట పుడుతుంది, పొడిపొడిగా రాలుతుంది, అది మాత్రం పోవాలి. బఫింగ్ వీల్‌కి ఈ రెండింటికీ తేడా తెలియదు, రాగితో సహా గీకేస్తుంది. యాసిడ్‌లో ముంచితే రాగి గులాబీ రంగుకి తిరిగి చచ్చినట్టు కనిపిస్తుంది. అజ్జరంలో కూడా కొత్త సామాన్లకి యాసిడ్ వాడతారు, కాల్చి కొట్టిన రేకు మీద నలుపు పోవాలంటే తప్పదు, కానీ దీనికి చింతపండు నానబెట్టిన గుజ్జు, ఉప్పు, దాని మీద మెత్తటి ఇటుక పొడి వాడారు. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం మెల్లగా పనిచేస్తుంది కాబట్టి ఎక్కడ ఆపాలో చెయ్యి చెబుతుంది. చిలుమంతా తీసి, ముందువైపు కొంచెం రంగు తేల్చి, మెడ కింద, చెవుల చుట్టూ ముదురు రంగు అలాగే వదిలేశారు. లోపల నీళ్ళ ఉప్పు గార పెచ్చులు పెచ్చులుగా ఉంది, అదీ చింతపండు నీళ్ళతోనే నానబెట్టి ఊడగొట్టారు. పొగ గొట్టంలో మసి దులిపారు, అంతే, తోమలేదు.

కళాయి పెట్టాలా అని నేనే అడిగాను. వద్దన్నారు. కళాయి అంటే రాగిని బాగా వేడిచేసి, నవసాగరం చల్లి, తగరం రుద్దితే అది కరిగి పలచగా పట్టుకోవడం. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆ పని కుంపటి మీదే అయిపోతుంది. వండే గిన్నెలకి, పులుపు తగిలే వాటికి కళాయి తప్పనిసరి, స్నానం నీళ్ళు కాచుకునే బాయిలర్‌కి దాని అవసరం లేదు. చేసుంటే ఇంకో పదిహేను వందలు వచ్చేవి ఆయనకి. సీసం కలిసిన అతుకులు కాబట్టి తాగే నీళ్ళు మాత్రం ఇలాంటి వాటిలో పోసి పెట్టకండి, రాగి చెంబులో నీళ్ళు ఆరోగ్యమని వాట్సాప్‌లో చదివి బాయిలర్లో కూడా పోద్దామనే మహానుభావులు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు.

కుళాయి. నాకు అమ్మినవాడు దీనికి ప్లాస్టిక్ టాప్ బిగించి ఉంచాడు. మేస్త్రీ గారు ఒక గోనె సంచి కుమ్మరించారు, దాన్నిండా పాత ఇత్తడి కుళాయిలే, తుక్కు కింద వచ్చిన వాటిలోంచి ఏరి దాచినవట. పాత రకం కుళాయికి లోపల వాషర్ ఉండదు, కిందికి సన్నబడే ఇత్తడి బిరడా ఒకటి గుంటలో తిరుగుతుంటుంది, బిరడాకి అడ్డంగా రంధ్రం, తిప్పితే రంధ్రం దారికి ఎదురొచ్చి నీళ్ళు వస్తాయి. ఏళ్ళు వాడితే బిరడా అరిగి కారుతుంది. దానికి మెత్తటి ఎమరీ పొడి, నూనె రాసి గుంటలో పెట్టి అటూ ఇటూ నూరుతూ పోతే రెండూ మళ్ళీ ఒకదానికొకటి సరిపోతాయి. ఆ పని మేస్త్రీ గారి కొడుకు చేశాడు, నీళ్ళు పోసి చూపించాడు, చుక్క కారలేదు. హాల్లో పెట్టుకునేదానికి కుళాయి కారకపోతే ఏంటి, కారితే ఏంటి అని మా ఆయన అన్నారు గానీ, ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ ముందు తిప్పేది ఆ కుళాయే.

కాళ్ళు మూడు, పోత ఇత్తడివి, వాటిలో ఒకటి పోయి దాని బదులు ఇనప ముక్క కట్టి ఉంది. ఉన్న కాలునే నమూనాగా పెట్టి మట్టిలో అచ్చు తీసి కొత్తది పోశారు. ఇక్కడ చిన్న పేచీ వచ్చింది. కొత్త కాలు పచ్చగా మెరిసిపోతోంది, పాతవి రెండూ ముదురు రంగు. ఏదైనా మందు రాసి నల్లబరచమన్నాను. "రాస్తే నల్లబడద్ది, కానీ ఆ నలుపు వేరే నలుపు. రెండు వానాకాలాలు పోనివ్వండి, అదే కలిసిపోద్ది" అని ససేమిరా అన్నారు. ప్రస్తుతానికి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. హైదరాబాద్‌లో పొడి గాలి ఎక్కువ, ఇక్కడ రెండు వానాకాలాలు సరిపోతాయా అన్నది నా అనుమానం, విశాఖలోనో కాకినాడలోనో అయితే ఉప్పుగాలికి తొందరగానే కలిసేది. ఈ ఒక్కదానికీ ఒక మార్కు తగ్గిస్తాను.

పేరు విషయం కూడా చెప్పాలి. బాయిలర్ మెడ మీద చుక్కలతో ఎవరో ఒకావిడ పేరు, ఇంటి పేరు, కింద ఊరు కొట్టి ఉన్నాయి, బహుశా సారెలో పెట్టిందై ఉంటుంది. పాలిష్ మొదలుపెట్టే ముందు ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: పేరు ఉంచాలా, తీసెయ్యాలా. చాలామంది తీసెయ్యమంటారట, వేరేవాళ్ళ పేరు మనింట్లో ఎందుకని. నేను ఉంచమన్నాను. ఇంగ్లండ్‌లో, జర్మనీలో పాత నీళ్ళ హీటర్లు పోగేసేవాళ్ళకి కంపెనీ పేర్లు దొరుకుతాయి, లండన్‌లో మాన్ అనే ఆయన 1868లో చేసిన గ్యాస్ గీజర్ దగ్గర్నుంచి 1890లలో డెస్సావ్‌లో మొదలైన యుంకర్స్ స్నానాల హీటర్లదాకా దేనికైనా ఒక తయారీదారు, ఒక కాలం ఉంటాయి. మన బాయిలర్ల మీద చేసినవాడి పేరు ఉండడం అరుదు, వాడుకున్నావిడ పేరు ఉంటుంది. అది కూడా రుద్దేస్తే ఇక ఆ వస్తువు గురించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలదు. పేరు చుట్టూ ఆయన గుడ్డతో, వేలితో తుడిచారు, ఇటుక పొడి అక్కడికి రానివ్వలేదు. అక్షరాలు ఇప్పుడు బాగా చదవగలుగుతున్నాం.

పైన లాక్కర్ వేయలేదు. బాగా ఆరబెట్టి, గోరువెచ్చగా చేసి, తేనెమైనం పలచగా రాసి గుడ్డతో తుడవమన్నారు. మ్యూజియంలవాళ్ళు వాడే రెనైసాన్స్ వాక్స్ అని ఒకటుంది, బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950లలో తయారైంది, అది ఇంకా మంచిది గానీ చిన్న డబ్బా ఖరీదు చూస్తే గుండె ఝల్లుమంటుంది. తేనెమైనంతో నాకు ఇప్పటిదాకా బాగానే ఉంది, పండగలకి ఒకసారి మళ్ళీ రాస్తున్నాను. అమ్మోనియా ఘాటు కొట్టే పాలిష్ ద్రావకాలు మాత్రం ఇత్తడి కుళాయి మీద, కాళ్ళ మీద వాడకండి, ముఖ్యంగా సందుల్లో ఉండిపోనివ్వకండి. ఒత్తిడిలో ఉన్న ఇత్తడిని అమ్మోనియా పగలగొడుతుంది. 19వ శతాబ్దంలో మన దేశంలోనే బ్రిటిష్ సైన్యానికి ఇది అనుభవమైంది, వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే బీటలు వారేవి, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని చాలాకాలానికి గానీ తేలలేదు. అదే కారణంగా బాయిలర్లో మట్టి, ఎరువు పోసి మొక్క నాటడం కూడా వద్దు, మొక్క కావాలంటే ప్లాస్టిక్ కుండీలో పెట్టి ఆ కుండీని లోపల దించండి.

ఖర్చు: కూలి 3,500, కుళాయి 600, కాలు పోతకి 900, మొత్తం 5,000. బిల్లు ఉండదు, ముందుగా కాగితం మీద అంచనా ఉండదు, సగం అడ్వాన్సు ఇవ్వాలి. హైదరాబాద్ షాపు చెప్పిన 14,000తో పోలిస్తే ఇది చాలా తక్కువ, రానుపోను చార్జీలు కలుపుకున్నా తక్కువే.

ఇక చికాకులు. టైము గురించి మొదటే చెప్పాను. "వచ్చే సోమవారం" అనే మాటకి అక్కడ అర్థం ఏదో ఒక సోమవారం అని. పెళ్ళిళ్ళ సీజన్‌లో బిందెల ఆర్డర్లు మీద పడతాయి, అప్పుడు మన పాత సామాను మూలకి పోతుంది. ఫోన్ చేస్తే ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, పని మాత్రం కదలదు. ఫోటోలు పంపమంటే కొడుకు పంపుతాడు, అదీ నాలుగుసార్లు గుర్తుచేస్తే. ప్యాకింగ్ అసలు చేతకాదు, గడ్డి, గోనెపట్టా, తాడు, అంతే. లారీ పార్శిల్‌లో వేయిస్తే పార్శిల్ ఆఫీసులో ఎవరో దాన్ని పక్కకి దొర్లించి మూత అంచు వంచేశారు, అడిగితే రసీదు వెనకాల అచ్చేసిన షరతులు చూపించారు. అంచు నేనే చేత్తో సరిచేసుకున్నాను. కారు ఉన్నవాళ్ళు వెళ్ళి తెచ్చుకోవడమే మేలు, వెనక సీట్లో నిలబెట్టి బెల్టు పెడితే సరిగ్గా కూర్చుంటుంది.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఒక మాట, ఎందుకంటే డాలస్‌లో ఉన్న మా వదిన ఫోటో చూసిన రోజు నుంచి నాకూ ఒకటి కావాలని అడుగుతోంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువుని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. వస్తువు అంత పాతది కాదని కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) నుంచి ధ్రువపత్రం తీసుకునే ఏర్పాటు ఉంది. కాబట్టి షోరూమువాళ్ళు సరదాగా "నూట యాభై ఏళ్ళ నిజాం కాలం బాయిలర్" అని బిల్లు మీద రాసిచ్చేది మీకు విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర పెద్ద టెన్షన్. నిజంగా 1970లలో మెషీన్ మీద చేసిన బాయిలరే అయినా, బిల్లు మాత్రం దాన్ని పురావస్తువు అంటుంది. వదినకి మాత్రం లీటర్లు కొట్టిన బాయిలరే చూస్తున్నాను, కొలత గుర్తు కనిపించేలా ఫోటోలు తీసి, బిల్లు మీద "పాత రాగి సామాను" అని మాత్రమే రాయించి, ధ్రువపత్రానికి పెట్టాలని ఆలోచన. బరువు కూడా చూసుకోవాలి, 11 కిలోలంటే విమానంలో 23 కిలోల పెట్టెలో సగం పోయినట్టే, ఆవకాయకి చోటు ఉండదని వదిన ఇప్పుడే బేరాలు మొదలుపెట్టింది.

అపార్ట్‌మెంట్‌లో దాన్ని నిజంగా అంటించి చూడాలన్న కోరిక ఎవరికైనా పుడితే, భోగి రోజైనా సరే, బాల్కనీలో కూడా వద్దు. బొగ్గు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. ఆరుబయట పెరడు ఉన్న ఊళ్ళో అయితే, అతుకులు మేస్త్రీ గారి చేత చూపించుకుని, నిండా నీళ్ళు పోసి, అప్పుడు అంటించుకోవచ్చు, మాదానికి ఆయన ఆ భరోసా ఇచ్చారు. నేను ఇంకా ప్రయత్నించలేదు.

అజ్జరం వెళ్ళాలనుకుంటే సంక్రాంతి ముందు, మాఘం పెళ్ళిళ్ళప్పుడు వెళ్ళకండి. ఆషాఢంలో వెళ్ళండి, అప్పుడు పని తక్కువగా ఉంటుంది, కూర్చుని చూడనిస్తారు కూడా. ఊళ్ళో ఇలాంటి షెడ్లు చాలానే ఉన్నాయి, అందరూ ఒకేలా చేయరు. వస్తువు చూపించగానే ముందు నీళ్ళు పోసి చూసేవాళ్ళకి ఇవ్వండి, చూడకుండానే పాలిష్ రేటు చెప్పేవాళ్ళుంటే పక్క షెడ్డుకి వెళ్ళిపోండి. వస్తువు మీద పేరేదైనా ఉంటే, ఉంచాలో తీసెయ్యాలో అడ్వాన్సు ఇచ్చేముందే చెప్పండి, కుళాయి పోయి ఉంటే గోనె సంచి కుమ్మరించమని మీరే అడగండి, వాళ్ళంతట వాళ్ళు గుర్తుచేయరు.